ఐసు నీళ్లలో గులాబీ

ఫిబ్రవరి 12, సోమవారం

సుబ్బరావమ్మ మేడం ఇవాళ చెప్పేశారు. ప్రాజెక్టులో ఒక్కరికే చోటు. కోల్డ్ స్టోరేజీల్లో దాచిన మిర్చి ఎరుపు ఎంత వేగంగా వెలిసిపోతుందో కొలిచే పని. ఎమ్మెస్సీ అవగానే చేరాలి. పీహెచ్‌డీ కూడా అందులోనే. నన్నూ షాజాదీనీ గదిలోకి పిలిచి, "మీ ఇద్దరిలో ఒకరు. ఇంకెవర్నీ చూడను," అన్నారు.

బయటికి రాగానే షాజాదీ నా భుజం మీద ఒక్కటి చరిచింది.

"నీకే వస్తుందిలేవే జ్యోతీ. నీకొస్తే మీ ఇంట్లో పప్పన్నం తింటా. నాకొస్తే నీకు బిర్యానీ పెట్టించి నేనూ తింటా. ఎటు తిరిగినా నా పొట్టకే లాభం."

నవ్వాను. నాకే వస్తుందని నాకూ తెలుసు. డిగ్రీ మొదటి ఏడాది నుంచీ కెమిస్ట్రీలో ఫస్టు నేనే. అయినా ఆమె అలా అనడం నచ్చలేదు. ఇచ్చేది తనే అయినట్టు.

ఫిబ్రవరి 13

మేడం ఆమెను "షాజూ" అంటారు. నన్ను "జ్యోతిర్మయి" అని పూర్తిగా పిలుస్తారు, హాజరు పట్టీ చదువుతున్నట్టు.

ఫిబ్రవరి 14

పరీక్ష ఏమిటో తేలింది. మిథైల్ ఎసిటేట్ ప్రయోగం. ఎవరికి వాళ్లం చేసి, మార్పు వేగం లెక్క కట్టి, మార్చి ఒకటిన గ్రాఫులు చూపించాలి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో చేసిందే. "తెలిసిన ప్రయోగమే ఎలా చేస్తారో చూద్దామని," అన్నారు మేడం.

సాయంత్రం అమ్మ అడిగితే కూర్చోబెట్టి చెప్పాను. సీసాలో ఆమ్లం ఉంటుంది. అందులో మిథైల్ ఎసిటేట్ కలపగానే మార్పు మొదలై, కొత్త ఆమ్లం పుడుతూ ఉంటుంది. కాసేపటికోసారి పిపెట్‌తో కొంచెం తీసి ఐసు నీళ్లలో వదులుతాం. ఆ చలికి మార్పు ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. అందులో రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేసి, లేత గులాబీ రంగు వచ్చేదాకా క్షారం పోస్తాం. ఎంత క్షారం పట్టిందో చూస్తే ఆ క్షణానికి ఎంత ఆమ్లం ఉందో తెలుస్తుంది. ఆఖరి రీడింగు మర్నాడు తీస్తాం. అప్పటికి మార్పంతా అయిపోయి ఉంటుంది, ఆపడానికేమీ ఉండదు, కాబట్టి దానికి ఐసు అక్కర్లేదు. లెక్కలు కట్టి గ్రాఫు మీద పెడితే చుక్కలన్నీ ఒక తిన్నటి గీత మీద పడాలి. ఆ గీత ఎంత వాలుగా ఉంటే మార్పు అంత వేగం.

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"అయితే మిర్చికీ ఇట్టాగే చేస్తారా?"

"కొంచెం వేరు. లెక్క మాత్రం ఇదే."

"రంగు పోతే పోయిందని కంటికి తెలీదటే?"

"పోకముందే తెలియాలమ్మా. ఏ చలిలో పెడితే ఎన్నాళ్లు నిలుస్తుందో."

"అది నయం," అంది అమ్మ. నేను ఎవరితోనైనా ఇంతసేపు మాట్లాడి చాలా రోజులైంది.

ఒకటే ఇబ్బంది. ల్యాబ్‌లో ఫ్రిజ్ పోయిన నెల చెడిపోయింది. ఎవరి ఐసు వాళ్లే తెచ్చుకోవాలి. నాకేం, మా ఫ్రిజ్‌లో మినరల్ వాటర్ క్యాన్ నీళ్లతో గడ్డ కట్టించి ఫ్లాస్కులో తీసుకెళ్తాను. షాజాదీది హాస్టలు. అక్కడ తాగడానికే చల్లటి నీళ్లుండవు.

ఏం చేస్తుందో.

ఫిబ్రవరి 16, శుక్రవారం

ఏం చేసిందంటే, ఒక థర్మోకోల్ పెట్టె నెత్తిన పెట్టుకుని ల్యాబ్‌లోకి వచ్చింది.

వాళ్ల షబ్బీర్ బాబాయ్ కొత్తపట్నం నుంచి గుంటూరు మార్కెట్‌కు చేపల బండి తెస్తాడు. చేపల కోసం ఒంగోలు ఐసు ఫ్యాక్టరీలో కొన్న దిమ్మల్లోంచి ఒక ముక్క ఈమెకు. కడిగింది, కొత్త గుడ్డలో చుట్టింది, అయినా పెట్టె మూత తియ్యగానే ల్యాబంతా వాసన.

అటెండరు యలమంద ముక్కు మూసుకుని వచ్చాడు. "ఏమ్మా, ఐసేనా? అడుగున వంజరం ఏమన్నా ఉందా?"

"ఉంది యలమందన్నా. నువ్వెళ్లి చింతపండు నానబెట్టు, నేను రీడింగు తీసుకుని వస్తా."

అందరూ విరగబడి నవ్వారు. ఆ గోలకు మేడం గదిలోంచి వచ్చి పెట్టెలోకి తొంగి చూశారు. "సముద్రాన్ని మోసుకొచ్చావు కదే షాజూ!" అని ఆవిడా నవ్వారు.

మేడం పై పళ్ల మధ్య సందు ఉంది. ఇవాళే చూశాను.

ఫిబ్రవరి 17

నా ప్రయోగం పూర్తయింది. ఆఖరి రీడింగు ఈ ఉదయం తీశాను. చుక్కలన్నీ గీత మీదే. స్కేలు పెట్టి పెన్సిల్ లాగుతుంటే ఒక్కొక్క చుక్కా పెన్సిల్ కిందికి వచ్చి చేరింది. కాన్వెంటులో సిస్టర్ మార్గరెట్ నా జామెట్రీ పుస్తకాన్ని క్లాసంతా తిప్పి చూపించేది. ఆ రోజులు గుర్తొచ్చాయి.

మేడంకి చూపించాను. "మంచిది," అన్నారు. తర్వాత షాజాదీ బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. నేను బ్యూరెట్ కడుగుతున్నాను. చాలాసేపే కడిగాను.

ఫిబ్రవరి 18, ఆదివారం

నాకు అసూయ లేదు. ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిది.

ఫిబ్రవరి 19

షాజాదీ గీత వంగింది.

మొదట్లో చక్కగా దిగింది. చివరికి వచ్చేసరికి చుక్కలు పక్కకు ఒరిగి, గీతను వదిలి పైపైకి పోయాయి. గ్రాఫు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "నా గీతకి నడుం పట్టేసిందే జ్యోతీ. అమృతాంజనం రాయాలేమో," అంది.

మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కి వెళ్లారు. నేను వెళ్లలేదు. తలనొప్పిగా ఉంది. ఇవాళ మళ్లీ తెచ్చిన ఐసులోంచి ఆమె సింకులో పారేసిన ముక్క ఇంకా కరగలేదు. అంచులు గాజులా ఉన్నాయి. నడుమ మాత్రం తెల్లటి చార, సుద్దముక్క ఇరికించినట్టు.

చూడగానే తెలిసింది. మా బాత్‌రూములో నీళ్లు కాచే హీటర్ రాడ్‌కి పట్టేది అదే. బోరు నీళ్ల సున్నం. అమ్మ నెలకోసారి నిమ్మచెక్కతో రుద్దితే బుసబుసమని పొంగి ఊడిపోతుంది. ఫ్యాక్టరీవాళ్లు చేపల ఐసుకి బోరు నీళ్లు కాక మరేం పోస్తారు? ఆ సున్నం ఆమ్లంలో కొంత తినేస్తోంది. ఐసు వేసిన రీడింగులన్నీ తక్కువ పడుతున్నాయి. ఆఖరి దానికి ఐసు లేదు, అదొక్కటే సరిగా ఉంది. ఆ రెంటి తేడాతోనే కదా లెక్క. వంగక ఏమవుతుంది?

ముక్కను ఫ్లాస్కులో వేసి కరిగించాను. రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేశాను. క్షారం ఏమీ పొయ్యకుండానే నీళ్లు లేత గులాబీ రంగుకు తిరిగాయి.

ఎంత అందంగా ఉందో. కిటికీ దగ్గర వెలుగుకు పట్టి చూశాను. పుస్తకంలో లేనిది ఒకటి నాకు నేనుగా తెలుసుకోవడం ఇదే మొదలు.

వరండాలో ఆమె గొంతు వినిపించింది. సింకులో పోసి కుళాయి తిప్పాను.

ఫిబ్రవరి 20

చెప్పలేదు. ఆమె నన్ను అడగలేదు. అడగందే మాట్లాడకూడదని కాన్వెంటులో నేర్పారు. ఆ అలవాటు వల్లే అందరూ నన్ను మెచ్చుకుంటారు.

ఫిబ్రవరి 22, గురువారం

రెండోసారీ వంగింది. అదే చోట.

ఇవాళ అడిగింది. "ఒసేయ్, నువ్వు బాగా చదువుతావు కదా, చెప్పవే. నా దగ్గర తప్పెక్కడుంది?"

"మళ్లీ చెయ్యి."

"చేశాను కదే. బ్యూరెట్ కడిగా, క్షారం కొత్తగా కలిపా. ఇంకేం మిగిలింది?"

"పిపెట్ ఖాళీ చెయ్యడంలో తొందరపడుతున్నావేమో."

అది అబద్ధం కాదు. ఆమె అన్నిట్లోనూ తొందరపడుతుంది. నా పెన్నులు రెండు ఆమె దగ్గరే ఉన్నాయి, మూతలు లేకుండా.

మళ్లీ నేనే అన్నాను. "చివరి నాలుగు చుక్కలూ వదిలేసి గీత గీసెయ్. అందరూ చేసేదే."

ఆమె నావైపు విచిత్రంగా చూసింది. "వచ్చినవి రాలేదని ఎట్టా చెప్తానే?"

మామూలుగానే అంది. నన్నేమీ అనలేదు. కానీ చెంపలు మండిపోయాయి. నీతి చెప్పడానికి ఎవరీమె? ల్యాబ్ కోటు మీద కూర మరక పెట్టుకుని తిరిగే మనిషి.

ఫిబ్రవరి 23

హాస్టల్ కూర నోట పెట్టలేనిదని అమ్మ రోజూ షాజాదీకి కూడా ఒక బాక్సు కడుతుంది. ఇవాళ అది ఇంట్లో బల్ల మీదే మర్చిపోయాను.

"ఏదే నా బాక్సు?"

"మర్చిపోయా."

"చంపావు పో," అని నా బాక్సులోంచే సగం తింది. పండుమిర్చి పచ్చడి వేలితో తుడిచి మరీ నాకింది. ఆఖరి ముద్ద మాత్రం నాకు వదిలింది. ఎప్పుడూ అంతే.

ఇంటికొచ్చాక అమ్మ, "బాక్సు ఇక్కడే ఉందేమే?" అంది. మర్చిపోయానన్నాను. "నువ్వా?" అంది.

ఫిబ్రవరి 26, సోమవారం

చేపల బండి ఇంకా రాలేదట. షాజాదీ మూడోసారి మొదలుపెట్టడానికి అన్నీ సర్దుకుని ఐసు లేక నిలబడిపోయింది. నేను రెండోసారి చేసి అప్పుడే ముగించాను. మళ్లీ తిన్నటి గీతే వస్తుంది, చూడకుండానే తెలుస్తోంది.

"నీ ఫ్లాస్కులో మిగిలితే కాస్త పెట్టవే జ్యోతీ."

"లేదే. కరిగిపోయింది."

"సర్లే, బాబాయ్‌కి ఫోన్ చేస్తా. మధ్యాహ్నం మార్కెట్ నుంచి ఆటోలో పంపిస్తాడేమో," అని వెళ్లిపోయింది.

ఫ్లాస్కు బ్యాగులో పెట్టుకుంటుంటే లోపల గలగలమని చప్పుడైంది. సింకు దగ్గరికి తీసుకెళ్లి వంచేశాను. మినరల్ వాటర్ ముక్కలు, అన్నీ పలచగా, తేటగా.

ఆమె పని మొదలుపెట్టేలోపు ఎలాగూ కరిగిపోయేవి. సగం ఫ్లాస్కే.

మధ్యాహ్నం ఆటోలో ఐసు వచ్చింది. చేపల ఐసు.

ఫిబ్రవరి 28

మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి. ఊళ్లోకి మిర్చి దిగుతోంది. క్లాసంతా తుమ్ములు. షాజాదీ తుమ్మిన ప్రతిసారీ మేడం "శతాయుస్సు" అన్నారు.

నేనూ తుమ్మాను. చప్పుడు కాకుండా తుమ్మడం నాకు అలవాటు.

మార్చి 1, శుక్రవారం

మేడం బల్ల మీద గ్రాఫులన్నీ పరిచారు. నావి రెండు, ఆమెవి మూడు.

"జ్యోతిర్మయిది అచ్చు పుస్తకంలో బొమ్మలాగే ఉంది," అన్నారు. తర్వాత ఆమెవి మూడూ దగ్గరికి లాక్కున్నారు. "ఇదేమిటి షాజూ?"

"వంగుతోంది మేడం. మూడుసార్లూ ఒకే చోట. ఒక్కసారైతే నా చెయ్యి కుదురుగా లేదనుకుందును."

"ఎందుకు వంగుతోంది?"

"తెలీదు మేడం. తెలిసేదాకా నిద్రపట్టేట్టు లేదు."

మేడం కళ్లద్దాలు తీసి నావైపు తిరిగారు. "నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా. నీకేమన్నా తోస్తోందా?"

అడిగారు. అడగలేదని ఇక రాసుకోవడానికి లేదు. షాజాదీ ఆశగా నావైపే చూస్తోంది. నాలుక మీదికి వచ్చింది కూడా. ఒక్క మాట చాలు. ఐసు. ఆ ఒక్క మాటతో ఆమె గీతా నా గీతా ఒకటైపోతాయి.

"లేదు మేడం," అన్నాను.

సోమవారం చెబుతానన్నారు. బయటికి వచ్చాక షాజాదీ, "పప్పన్నం ఖాయం. ఆవకాయ కూడా ఉండాలి, చెప్తున్నా," అంది. నవ్వుతూనే అంది కానీ దుపట్టా కొసతో ముక్కు తుడుచుకుంది. మిర్చి ఘాటే అయ్యుంటుంది.

మార్చి 2

సంతోషంగా ఉంది.

అమ్మకు చెప్పాను, దాదాపు నాకే అని. అమ్మ హీటర్ రాడ్ ముందేసుకుని నిమ్మచెక్కతో రుద్దుతోంది. "మరి షాజాదీకి?" అంది. ఒక్కరికేనన్నాను. "అయ్యో. రంజాన్ నెల వచ్చేలోపు ఒక పూట భోజనానికి పిలువు ఆ పిల్లని. మొహం చిన్నబుచ్చుకుని ఉంటుంది," అంది. రాడ్ మీద సున్నం బుసబుసమంటోంది. అవతలి గదిలోకి వచ్చేశాను.

సంతోషంగానే ఉంది.

మార్చి 4, సోమవారం

అంతా రాయాలి. వరసగా రాయాలి.

పొద్దున నేను వెళ్లేసరికి ల్యాబ్‌లో షాజాదీ ఒక్కతే ఉంది. జడ కూడా సరిగ్గా వేసుకోలేదు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కెళ్లింది.

"నిన్నంతా హాస్టల్లో మంచమ్మీద కూర్చుని ఆలోచించానే. నీకు తిన్నగా వస్తది, నాకు వంగుతది. ఎందుకు? ఇద్దరిదీ ఒకే సీసాలో ఆమ్లం. ఒకే బ్యూరెట్లు. క్షారం నేను కొత్తది కలిపినా వంగింది. నీకూ నాకూ వేరేది ఏముందే? చెప్పు, ఏముంది?"

బ్యాగు తీసి బల్ల మీద పెట్టాను.

"ఐసొక్కటే! పొద్దున్నే బాబాయ్ బండి దగ్గరికి పరిగెత్తా. చూడిప్పుడు."

ఫ్లాస్కులో కరిగిన నీళ్లున్నాయి. అడుగున కాస్త తెల్లటి మడ్డి. ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి తిప్పింది. లేత గులాబీ.

"చూశావటే! మనమేం పొయ్యకుండానే! చేపల ఐసు సున్నం నీళ్లే! అదే తినేస్తోంది నా ఆమ్లాన్ని!" స్టూలు చుట్టూ చిన్నపిల్లలా గెంతింది. తర్వాత ఆగి నన్ను చూసింది. "ఏంటే, రాయిలా నిలబడ్డావు? ఆశ్చర్యంగా లేదూ?"

"ఉంది. చాలా ఆశ్చర్యంగా ఉంది," అన్నాను. బాగానే అన్నాను. నమ్మింది.

"ఒకటి చెప్పనా? ఆ రోజు నీ దగ్గర ఐసు మిగిలి, నాకు ఇచ్చున్నావనుకో, నా గీత తిన్నగా వచ్చేసేది. ఇది దొరికేదే కాదు. కరిగిపోయి ఎంత మేలు చేసిందే నాకు!"

అంటూ నన్ను గట్టిగా కావలించుకుంది. ఆమె ఒంటి మీద ఐసు పెట్టె వాసన.

తర్వాత ఫోన్ తీసింది. "మేడంకి చూపించేలోపు రంగు వెలిసిపోతుందేమో, ఫొటో తీస్తా. నా చేతులు వణుకుతున్నాయి, నువ్వు పట్టుకో. నీ చెయ్యి కదలదు." వెనక తెల్ల కాగితం ఆనించి, ఫ్లాస్కు మెడ దగ్గర పట్టుకుని నిలబడ్డాను. కదలలేదు.

మేడం వచ్చి చూశారు. తర్వాత షాజాదీ తల మీద చెయ్యి వేసి, "ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నా ఈ ప్రయోగం. ఐసును అనుమానించాలని నాకూ తట్టలేదు," అన్నారు.

చోటు ఆమెకే ఇచ్చారు.

నన్ను విడిగా గదిలోకి పిలిచారు. మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టారు. "బాధపడకు జ్యోతీ. నీ పనిలో వంక లేదు. నీకు మొదటిసారే తిన్నగా వచ్చింది, వెతకాల్సిన అవసరం పడలేదు. అది నీ తప్పు కాదు. కానీ మిర్చి అలా కాదమ్మా, ఒక్కో కోల్డ్ స్టోరేజీకి ఒక్కో వంపు వస్తుంది. ఎందుకు వచ్చిందో పట్టుకునే మనిషి కావాలి నాకు."

నేను వెతికాను మేడం. నేనూ పట్టుకున్నాను. ఆమెకన్నా చాలా ముందు, ఒకే ఒక్క ముక్క చూసి. ఈ మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. అవి అంటే మేడం తర్వాత ఏం అడుగుతారో తెలుసు. ఎప్పుడు, అంటారు.

నీళ్లు తాగి, "థాంక్యూ మేడం," అని వచ్చేశాను.

ఇన్నాళ్లలో నన్ను జ్యోతీ అని పిలవడం ఇదే మొదటిసారి.

మార్చి 6

షాజాదీ బిర్యానీ పెట్టించింది. మాంసం ముక్కలు ఏరి నా ప్లేటులో వేసింది. "నీకు రావాల్సిందే ఇది, నాకు తెలుసు. కోపంగా ఉందా?" అని అడిగింది. లేదన్నాను. ఆదివారం అమ్మ భోజనానికి రమ్మందని చెప్పాను. ఆవకాయ ఉంటుందా అని అడిగింది.

ఆమె మంచిది కాకపోయినా బాగుండేది.

మార్చి 7, గురువారం

ల్యాబ్‌లో ఐసు పెట్టె పైన గోడకు మేడం ఒక కాగితం అంటించారు. "ఐసును ముందు పరీక్షించాకే వాడాలి. కనిపెట్టినది: షాజాదీ, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం." దాని కింద ఆ ఫొటో, రంగుల్లో ప్రింటు తీసి.

జూనియర్లు గుమిగూడి చూస్తున్నారు. ఒకమ్మాయి అంది, "షాజాదక్క గోళ్లు ఎంత నీట్‌గా కత్తిరించుకుందో చూడండే."

తెల్ల కాగితం, ఫ్లాస్కు, అందులో ఆ రంగు. కిటికీ దగ్గర నేను ఒంటరిగా చూసిన రంగే. ఫ్లాస్కు మెడ చుట్టూ నాలుగు వేళ్లు, చూపుడు వేలి పక్కన చిన్న సిరా మరక.

ఆ వేళ్లు నావి.